సీటు కింద ఇంజిన్

నాలుగేళ్ళ కిందట ఒక శుక్రవారం రాత్రి అడ్డతీగల నుంచి అన్న ఫోన్ చేశాడు. "తమ్ముడూ, ఒక మారుతి వ్యాన్ బేరం వచ్చింది. 2006 మోడల్. నువ్వు ఇంజనీరింగ్ చదివావు కదా, ఒకసారి వచ్చి చూద్దూ."

సొంత అన్న కాదు. మా నాన్న అడ్డతీగలలో ఆశ్రమ పాఠశాల మాస్టారుగా ఉన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్నాడు. నన్ను భుజాలమీద ఎక్కించుకుని సంతకి తీసుకెళ్ళేవాడు. ఇప్పుడు వై.రామవరం వెళ్ళే దారిలో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడు. ఏలేశ్వరం నుంచి సరుకు తెచ్చుకోవాలి, తిరిగి వెళ్ళేటప్పుడు చింతపండో జీడిపిక్కలో దింపాలి. ఇదంతా పైకి చెప్పే కారణం. అసలు కారణం వేరే ఉంది. కొండమీది ఊళ్ళ నుంచి పురిటి నొప్పులతో ఉన్న మనిషిని డోలీలో రోడ్డు దాకా మోసుకొస్తారు. రోడ్డుమీద ఆగాక ఏదో ఒక బండి దొరకాలి. అలా రెండుసార్లు రాత్రిపూట తన కొట్టు ముందే డోలీ దింపితే, తన దగ్గర మోటర్ సైకిల్ తప్ప ఏమీ లేక నిలబడిపోయాడట. ఆ రెండో రాత్రి సంగతి ఫోన్లో చెప్పలేదు, తర్వాత కూడా పూర్తిగా చెప్పలేదు.

ఇక నా సంగతి. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరిన లక్షలమందిలో నేనొకణ్ణి. ఆటో సైకిల్, డీజిల్ సైకిల్ గ్రాఫులు పరీక్షలో ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఇంజిన్ బోల్టు ఒక్కటీ విప్పలేదు. అయినా వస్తానన్నాను. ఆన్‌లైన్లో కొన్న ఓబీడీ డాంగిల్ ఒకటి బ్యాగులో వేసుకున్నాను. కారుకి తగిలిస్తే ఇంజిన్ రోగమంతా ఫోన్లో చూపించే అగ్గిపెట్టెంత పరికరం అది.

అన్న చెప్పిన మేస్త్రీ షెడ్డు ముందు తెల్ల వ్యాన్ ఉంది. కడిగి, ముందు అద్దానికి పసుపు కుంకుమ పెట్టారు. అమ్మే ఆయన మైదానం నుంచి వచ్చాడు, నవ్వుతూ మాట్లాడే మనిషి. సింగిల్ ఓనర్ అన్నాడు. మీటరు అరవై ఒక్క వేల కిలోమీటర్లు చూపిస్తోంది. నేను వంగి డాష్‌బోర్డు కింద చేత్తో తడుముతున్నాను. డాంగిల్ దూర్చే చోటు ఏదీ దొరకలేదు. మేస్త్రీ కాసేపు చూసి, "మేస్టారి అబ్బాయిగారూ, ఏం వెతుకుతున్నారండి?" అన్నాడు. చెప్పాను. "అది దీనికుండదండి" అన్నాడు. నిజమే. అమెరికాలో 1996 నుంచి ప్రతి కారుకీ ఓబీడీ రెండో తరం పోర్టు తప్పనిసరి. మన దగ్గర ఆ నియమం బీఎస్-4 బళ్ళతో 2010లో మొదలై, 2013 నాటికి రెండో తరానికి వచ్చింది. ఈ వ్యాన్ పుట్టింది 2006లో.

మేస్త్రీ ముందు సీటు పైకెత్తాడు. మారుతి వ్యాన్‌లో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, ఈ తరం వాళ్ళకి తెలియకపోవచ్చు. 796 సీసీ, మూడు సిలిండర్లు. మీరు కూర్చున్నది దాని మీదే. వేసవిలో ఆ సంగతి బాగా తెలుస్తుంది. అతను ఏ పనిముట్టూ తీయలేదు. అరచెయ్యి ఇంజిన్‌కి దగ్గరగా పెట్టి వెనక్కి తీసేశాడు. "వేడిగా ఉందండి. ఇప్పుడు చూస్తే ఏం తెలియదు. బండి ఈ రాత్రికి ఇక్కడుంచండి. తాళం నా దగ్గరుంటది. పొద్దున్న అయిదింటికి స్టార్ట్ చేద్దాం."

అమ్మే ఆయన నవ్వు కొంచెం తగ్గింది. అన్న రెండు వేలు అడ్వాన్సు చేతిలో పెట్టాక ఒప్పుకున్నాడు.

పాత బండి కొనడంలో చిక్కు ఏమిటో ఆర్థిక శాస్త్రం చాలా ఆలస్యంగా కనిపెట్టింది. జార్జ్ ఆకర్లాఫ్ అనే అమెరికన్ 1970లో ఒక వ్యాసం అచ్చువేశాడు. అమెరికాలో చెడ్డ కారుని లెమన్ అంటారు, ఆ వ్యాసం పేరు కూడా నిమ్మకాయల బజారే. (మన దగ్గర నిమ్మకాయలు కొత్త బండి చక్రాల కిందికి పోతాయి. వాళ్ళ దగ్గర అమ్మకానికి వస్తాయి.) వాదన ఇంతే. బండి లోపల ఎలా ఉందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు సగటు ధరే ఇస్తాడు. సగటు ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చెడ్డ బండి ఉన్నవాడే అమ్ముతాడు. చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి. దీన్ని మూడు పత్రికలు తిప్పి పంపాయి. ఇది మరీ చిన్న విషయం అన్నది వాటిలో ఒక అభ్యంతరం. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2001లో, నోబెల్ వచ్చినప్పుడు ముందుగా తలుచుకున్నది ఆ వ్యాసాన్నే.

నాకు ఆ వ్యాసంలో కార్లకంటే బియ్యం నచ్చింది. ఆకర్లాఫ్ 1967-68లో ఢిల్లీలో ఉన్నాడు, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో. అందుకే మన దేశపు ఉదాహరణలు ఆ వ్యాసంలో కనిపిస్తాయి. బజారు బియ్యంలో అదే రంగు, అదే ఆకారం ఉన్న రాళ్ళు కావాలనే కలుపుతారనీ, ఇల్లాళ్ళు కూర్చుని ఏరుకోవలసిందేననీ రాశాడు. మా నాయనమ్మ చేటలో బియ్యం పోసుకుని చేసిన పని నోబెల్ వ్యాసంలో ఉంది. పాత ఇంజిన్ చూడడమూ ఆ రాళ్ళు ఏరడం లాంటిదే. తేడా ఒకటే, బియ్యం మూత తీసి చూడొచ్చు. ఇంజిన్ మూత తీస్తే అమ్మేవాడు ఒప్పుకోడు.

ఆ రాత్రి అన్న ఇంట్లో పడుకున్నాను. పక్కన అడ్డాకుల కట్టలు, విస్తళ్ళు కుట్టడానికి. ఆ ఆకు కాసే తీగ పేరే ఈ ఊరి పేరు. చిన్నప్పుడు ఇక్కడ మాకు చెప్పే చరిత్ర ఒక్కటే, పోలీస్ స్టేషన్ల మీద దాడులు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి వరసగా మూడు రోజుల్లో. అల్లూరి సీతారామరాజు తీసుకున్న తుపాకుల లెక్క స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టి వెళ్ళేవాడు. అడ్డతీగల వంతు అక్టోబరు 15న వచ్చింది. ముందే కబురు చేసి వచ్చాడు. కానీ ఆయుధాలు అప్పటికే దాచేశారు, చేతికి ఏమీ చిక్కలేదు. స్టేషన్ బయటికి స్టేషన్‌లాగే ఉంది, లోపల ఖాళీ. బడిలో ఇది విన్నప్పుడు మాకు పెద్ద నిరాశగా ఉండేది, మా ఊరి దాడిలో తుపాకులు లేవని.

ఆ తిరుగుబాటు వెనక రోడ్డు కథ కూడా ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండలోకి రోడ్డు వేయించడానికి కొండవాళ్ళచేత చాలీచాలని కూలికి, చాలాసార్లు బలవంతంగా, పని చేయించాడు. అడవిలో పోడు మీద ఆంక్షలకు ఈ కసి తోడైంది. ఇప్పుడు మనం సెకండ్ గేర్‌లో మూలుగుతూ ఎక్కే ఘాట్ దారుల చరిత్ర మొదలైంది అలా. ఇంజిన్ పరీక్షకి దీనికీ ఏం సంబంధమని మీరడగొచ్చు. మైదానంలో అరిగిపోయిన ఇంజిన్ కూడా మూడేళ్ళు దాక్కుని బతికేస్తుంది. బల్లపరుపు రోడ్డుమీద దాన్ని ఎవరూ గట్టిగా ప్రశ్నించరు. ఇక్కడ మొదటి మలుపులోనే ప్రశ్న పడుతుంది. మైదానంలో పనికి రావడం మానేసిన బళ్ళు ఏజెన్సీకి అమ్ముడవడం నేను చాలా చూశాను. అన్నిటికంటే గట్టి ఇంజిన్ కావలసిన చోటికి అన్నిటికంటే అరిగిన ఇంజిన్లు వస్తాయి. అక్కడ డబ్బు లేదు కాబట్టి.

పొద్దున్న అయిదింటికి మంచు ఇంకా విడవలేదు. మేస్త్రీ నన్ను బండి వెనక నిలబెట్టాడు. "పొగ చూడండి. రంగు చెప్పండి." తను సెల్ఫ్ కొట్టాడు. ఇంజిన్ మూడు నాలుగు సార్లు తిరిగి అంటుకుంది. తెల్లగా వచ్చింది, చెప్పాను. "అది నీటి ఆవిరి, పొద్దున్న ఏ బండికైనా వస్తది. పోతదో లేదో చూడండి." పోయింది. కూలెంట్ సిలిండర్లోకి కారుతుంటే ఆ తెలుపు వేడెక్కాక కూడా పోదు, తియ్యటి వాసన వస్తుంది. పోయిన తెలుపు వెనకాల సన్నటి నీలం కనిపించింది. నీలం అంటే ఆయిల్ కాలుతోంది. ఇక్కడ మేస్త్రీ చూపించిన తేడా నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు, లేదా తగిలినా పరీక్షకి రాదని వదిలేశాను. రాత్రంతా ఆగి ఉన్నప్పుడు వాల్వ్ సీళ్ళ నుంచి ఆయిల్ బొట్టు బొట్టుగా దిగుతుంది. స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ కొట్టి ఆగిపోతే దోషం సీళ్ళది, చిన్న ఖర్చు. రేజ్ చేసినప్పుడల్లా నీలం వస్తూనే ఉంటే రింగులు, సిలిండర్ గోడ. అది పెద్ద ఖర్చు. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువ పోతోందనో గాలి తక్కువ వస్తోందనో. దానికి ఎవరూ భయపడక్కర్లేదు.

మాకు రెండోది వచ్చింది. రేజ్ చేసినప్పుడల్లా.

తర్వాత ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూపించాడు. పాలు కలిపిన కాఫీలా తెట్టు ఉంటే ఆయిల్లో నీళ్ళు చేరినట్టు, హెడ్ గాస్కెట్ పోయినట్టు అనుకుంటారు. కానీ చలి ఊళ్ళలో కొంచెం కొంచెం దూరాలే తిరిగే బళ్ళకి ఆ మూత కింద తేమ పట్టి పలుచగా అలాంటి తెట్టు రావడం మామూలే, దాన్ని చూసి బేరం వదులుకోవద్దన్నాడు. ఇక్కడ అది లేదు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌ని రెండు వేళ్ళ మధ్య రాసి వెలుగులో చూశాడు. మెరుపు కోసం. ఇంజిన్ లోపల లోహం అరిగితే ఆ పొడి ఆయిల్లోనే తిరుగుతుంది. 1940ల చివర్లో అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండే రైల్వే వాళ్ళు డీజిల్ ఇంజిన్ల వాడిన ఆయిల్‌ని ప్రయోగశాలలో పరీక్షించి, ఏ లోహం ఎంత ఉందో చూసి, ఏ భాగం అరుగుతోందో ముందే చెప్పడం మొదలెట్టారు. తర్వాత ఆ పద్ధతి విమానాలకీ వెళ్ళింది. అడ్డతీగలలో రెండు వేళ్ళు, పొద్దుటి ఎండ.

"ఆయిల్ కొత్తదండి. చిక్కటిది పోశారు" అన్నాడు. చిక్కటి ఆయిల్ పోస్తే అరిగిన ఇంజిన్ చప్పుడు తగ్గుతుంది, పొగ కూడా కొన్నాళ్ళు తగ్గుతుంది. అమ్మే ఆయన అప్పుడే టీకి వెళ్ళాడు.

మూత మళ్ళీ బిగించలేదు. నడుస్తున్న ఇంజిన్ మీద తలకిందులుగా ఊరికే ఆనించి పెట్టాడు. అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత ఎలా ఎగురుతుందో అలా ఎగిరింది. "బ్యాక్ కంప్రెషన్" అన్నాడు. సిలిండర్లో మండిన వాయువు పిస్టన్‌ని తొయ్యాలి. రింగులు అరిగితే అది పిస్టన్ పక్కలనుంచి కిందికి జారి, ఆయిల్ ఉన్న గదిలోకి దూరి, పైకి ఈ మూత దగ్గర ఊపిరి వదులుతుంది. నేను నాలుగేళ్ళు చదివిన దానిలో ఇంత చవకైన పరికరం ఇంకోటి లేదు. ఒక ప్లాస్టిక్ మూత.

ఆ తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన టాపెట్ కవర్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. నాకూ ఇచ్చాడు. పైన సన్నగా టిక్ టిక్. కిందికి జరిపితే బరువైన గుండె లాంటి చప్పుడు, నాకు అన్నీ ఒకటే. తను మాత్రం "బేరింగులు బాగున్నాయి" అన్నాడు. లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియా వైద్యుడు 1761లో, ఛాతీ మీద వేళ్ళతో తట్టి లోపల నీరు చేరిందో లేదో చెప్పొచ్చని పుస్తకం రాశాడు. వాళ్ళ నాన్న సత్రం నడిపేవాడట, ద్రాక్షసారా పీపాలు తట్టి ఎంత మిగిలిందో చెప్పేవాడట. 1816లో పారిస్‌లో లెనెక్ కాగితం చుట్ట చేసి రోగి ఛాతీకి ఆనించాడు, అదే స్టెతస్కోపు అయింది. పీపా నుంచి మనిషికి, మనిషి నుంచి మారుతి వ్యాన్‌కి. కోయకుండా లోపల చూడాలన్న అవసరం ఒక్కటే, అది డాక్టరుకైనా, మేస్త్రీకైనా, సారా వ్యాపారికైనా.

పెట్రోలు, డీజిల్ ఇంజిన్లకంటే ముందే ఆవిరి యంత్రాలకి ఈ అవసరం వచ్చింది. జేమ్స్ వాట్, ఆయన సహాయకుడు జాన్ సదరన్ కలిసి 1796లో ఇండికేటర్ అనే పరికరం పూర్తి చేశారు. సిలిండర్‌కి తగిలించిన చిన్న పిస్టన్‌కి పెన్సిల్ కట్టి ఉంటుంది. యంత్రం నడుస్తుంటే లోపలి ఒత్తిడి పెరిగినప్పుడు పెన్సిల్ లేస్తుంది, కాగితం పలక పక్కకి జరుగుతుంది, మూసిన గొట్టంలా ఒక బొమ్మ తయారవుతుంది. ఒత్తిడి ఒక వైపు, పరిమాణం ఒక వైపు. ఇంజనీరింగ్ చదివిన వాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది. మనం పదహారు మార్కులకి స్కేలుతో గీసిన పీ-వీ డయాగ్రమ్ అదే. అది సిద్ధాంతపు బొమ్మ అని నేను అప్పటిదాకా అనుకున్నాను. కాదు, యంత్రం తన గురించి తనే గీసుకున్న ఈసీజీ. వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుంటే ఆ బొమ్మ ఒక మూల వంకర పోతుంది, చూసినవాడికి తెలిసిపోతుంది. పాఠం చెప్పిన సార్లెవరూ ఈ సంగతి చెప్పలేదు. వాళ్ళకీ ఎవరూ చెప్పి ఉండరు.

వాట్ ఈ పరికరాన్ని రహస్యంగా దాచాడు. పేటెంటు కూడా తీసుకోలేదు, తీసుకుంటే వివరం రాయాలి కదా. దాదాపు పాతికేళ్ళ తర్వాత 1822లో గానీ దాని సంగతి అచ్చులోకి రాలేదు. ఆయన కంపెనీ వ్యాపారం కూడా ఒకసారి చూడండి. పాత న్యూకొమెన్ యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు విలువలో మూడో వంతు గని యజమానులు కట్టాలి. యంత్రం లోపల ఏం జరుగుతోందో కచ్చితంగా తెలిసిన వాడు అమ్మేవాడొక్కడే. ఆకర్లాఫ్ కంటే 174 ఏళ్ళ ముందు వాట్‌కి ఈ లెక్క తెలుసు. మహానుభావుడే, కాదనను. కానీ పక్కన టీ తాగుతున్న మా వ్యాన్ ఆయనకీ వాట్‌కీ మధ్య దూరం నేను అనుకున్నంత లేదు.

రుడాల్ఫ్ డీజిల్ సంగతి ఇంకా తమాషా. 1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్‌లో తన మొదటి ఇంజిన్‌ని పరీక్షించినప్పుడు, లోపలి ఒత్తిడి కొలవడానికి పెట్టిన ఇండికేటరే పేలిపోయింది. సరిగ్గా నడిచే ఇంజిన్‌కి ఇంకో నాలుగేళ్ళు పట్టింది.

మా మేస్త్రీ కంప్రెషన్ గేజ్ వాట్ ఇండికేటర్‌కి దూరపు మనవడు. బొమ్మ గీయదు, ఒక్క అంకె చెబుతుంది. ఇంజిన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ ఊడదీశాడు. ఇగ్నిషన్ వైరు, పెట్రోలు సప్లై తీసేశాడు. ప్లగ్గు ఉన్న రంధ్రంలో గేజ్ బిగించి, నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నాడు. తొక్కకపోతే గాలి సరిగా దూరదు, అంకె తప్పు వస్తుంది. అయిదారు చుట్లు తిరగనిచ్చాడు. ఒకటో సిలిండర్ 160 పౌండ్లు. రెండోది 155. మూడోది 105.

మంచి పెట్రోలు ఇంజిన్‌కి 150 పైన ఉండాలి. అంకె ఎంత ఉన్నా, సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య గాస్కెట్ మీద అనుమానం. ఒక్కటే పడితే వాల్వా, రింగులా అన్నది ప్రశ్న. మేస్త్రీ ఒక చెంచాడు ఆయిల్ మూడో రంధ్రంలో పోసి మళ్ళీ కొట్టమన్నాడు. 140. ఆయిల్ పిస్టన్ చుట్టూ చేరి కాసేపు రింగు పని చేసింది, అందుకే పెరిగింది. వాల్వ్ దోషమైతే ఆయిల్ పోసినా అంకె కదలదు. (డీజిల్ బండి మీద ఈ ప్రయోగం చేయకండి. ఆ ఒత్తిడికి ఆయిలే అంటుకోవచ్చు.) చిన్న విమానాల ఇంజిన్లకి ఏటా చేసే తనిఖీలో ఇలాంటి పనే ఇంకో పద్ధతిలో చేస్తారు. సిలిండర్లోకి గాలి పంపి ఎంత నిలిచిందో కొలుస్తారు. గాలి సైలెన్సర్లోంచి బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూతలోంచి వస్తే రింగులు. అక్కడా చివరికి చెవే.

ఒక సంగతి నన్ను చాలాసేపు తొలిచింది. ఈ చూడడమంతా మేస్త్రీ ఎక్కడ నేర్చుకున్నాడు? రాజమండ్రిలో, 1980లలో, అంబాసిడర్ల మీద. హిందుస్తాన్ మోటార్స్ అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 దాకా తయారైంది. ఆ కాలంలో ఇంజిన్ హెడ్ విప్పడం పెద్ద వార్త కాదు. కొన్నేళ్ళకోసారి విప్పి మసి గీకి, వాల్వులు గ్రైండ్ చేసి మూసేవాళ్ళు. ఊరి మేస్త్రీకి ఊళ్ళో ఉన్న ప్రతి అంబాసిడర్ లోపలి భాగం చూసినట్టే గుర్తు. పాత బండి కొనాలంటే అతన్ని అడిగితే సరిపోయేది. అమ్మేవాడికి తెలిసినదంతా ఊళ్ళో ఇంకొకడికి కూడా తెలుసు. 1983 డిసెంబరులో మారుతి 800, మరుసటి ఏడు వ్యాన్ వచ్చాయి. ఆ ఇంజిన్లు ఎంత బాగున్నాయంటే పదేళ్ళు ఎవరూ విప్పాల్సిన పని లేకపోయింది. మంచిదే. కానీ ఆ మంచితనంతోనే బండి లోపలి చరిత్ర మొదటిసారి ఎవరూ చూడనిదైంది. మీటరు మీద అంకె, ఆర్‌సీ కాగితం, సర్వీసు పుస్తకం ముద్రలు మిగిలాయి. మూడూ చేత్తో మార్చగలిగినవే. ఇప్పటి కంప్యూటర్ కార్లలో ఇంకాస్త మెరుగు. తప్పుల జాబితా చెరిపేస్తే, పరీక్షలు ఇంకా పూర్తికాలేదనే గుర్తు కొన్నాళ్ళు మిగులుతుంది. చెరిపారన్న సంగతైనా తెలుస్తుంది. నా డాంగిల్ ఆ పనికి బాగుంటుంది. రింగు అరుగుదల మాత్రం అది సూటిగా చూపించలేదు.

బేరం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎనభై అయిదు వేలు అడిగిన ఆయన గేజ్ అంకె చూశాక మీరంతా కలిసి ఆడుతున్నారన్నాడు, లేచాడు, కూర్చున్నాడు, చివరికి అరవై రెండు దగ్గర ఆగాడు. ఫామ్ 29, 30 మీద సంతకాలు అయ్యాయి. నేను వద్దన్నాను. అన్న వినలేదు. "తమ్ముడూ, మంచి బండి కోసం ఇంకో ఏడాది ఆగితే, ఈ ఏడాది డోలీ వస్తే ఏం చెయ్యాలి?" అన్నాడు. ఇంజిన్ చూడడమంటే కొనాలా వద్దా తేల్చడమనే నేను అనుకున్నాను. అన్నకి కావలసింది వేరు. ఏది కొంటున్నాడో తెలిసి కొనడం.

వారం తర్వాత ఇంజిన్ దించి విప్పినప్పుడు మేస్త్రీ వీడియో కాల్ చేశాడు. మూడో పిస్టన్ రింగు రెండు ముక్కలుగా ఉంది. సిలిండర్ గోడ మీద గోరు పట్టేంత గాడి. ఇదంతా గేజ్ చెప్పిందే. చెప్పనిది ఇంకోటుంది. గుడ్డతో మసి తుడిచి పిస్టన్ తలని కెమెరాకి దగ్గరగా పెట్టాడు. లోహం మీద పోత అంకె: 0.50.

సిలిండర్ అరిగినప్పుడు లేత్ మీద దాన్ని కొంచెం పెద్దది చేసి, ఆ మేరకు లావు పిస్టన్ వేస్తారు. దాన్నే బోర్ కొట్టించడం అంటారు. (తెలుగులో బోర్ కొట్టడానికి ఇంకో అర్థం ఉందని మేస్త్రీకి చెబితే అది నాకు తెలియదన్నట్టు చూశాడు.) ఈ ఇంజిన్‌కి పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు, రెండే సైజులు. అర మిల్లీమీటరు అంటే ఇక గోడ కోయడానికి లేదు, కొత్త స్లీవ్ దిగ్గొట్టాలి. అరవై ఒక్క వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగిన సింగిల్ ఓనర్ బండి ఆఖరి సైజుకి ఎలా చేరింది? పొగ, మూత, స్క్రూడ్రైవర్, గేజ్, అన్నీ ఇంజిన్ ఇవాళ ఎలా ఉందో చెప్పాయి. నిన్న ఏం జరిగిందో మాత్రం పిస్టన్ తల మీదే రాసి ఉంది, అది విప్పితే తప్ప కనపడదు. అన్నకి పాతికవేలకి పైనే అదనంగా అయింది. అమ్మే ఆయనకి ఫోన్ చేస్తే ఆయన కొన్నప్పుడే అలా ఉందేమో అన్నాడు. నిజమే అయి ఉండొచ్చు కూడా. ఆయన్ని మోసం చేసినవాడు ఇంకొకడు ఉండొచ్చు.

కాకినాడలో స్లీవులు వేయించి, కొత్త పిస్టన్లు స్టాండర్డ్ సైజువి వేసి, ఇంజిన్ మళ్ళీ ఎక్కించే రోజు నేను అడ్డతీగలలోనే ఉన్నాను. టాపెట్ కవర్ మూసేముందు మేస్త్రీ దాన్ని బోర్లా తిప్పి, సెంటర్ పంచ్‌తో లోపలివైపు చుక్కలు చుక్కలుగా కొడుతున్నాడు. తేదీ. దాని కింద మూడు స్లీవులు అని.

అన్న చాలాసేపు చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత అడిగాడు, "అలా రాస్తే రేపు నేను అమ్మేటప్పుడు రేటు కోస్తారు కదా మేస్త్రీ?"

మేస్త్రీ పంచ్ పక్కన పెట్టి కొత్త గాస్కెట్ అందుకున్నాడు. "విప్పినవాడికే కదా కనపడేది" అన్నాడు.